ఫస్టాఫ్ లారీ, సెకండాఫ్ గ్యారేజీ

(ఒక ఫిల్మ్ క్లబ్బులో ‘దే డ్రైవ్ బై నైట్’ అనే పాత హాలీవుడ్ సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇందాక టీ దగ్గర నిలబడి మీ మాటలన్నీ వింటూనే ఉన్నాను. సినిమా అయ్యాక మొదటి పది నిమిషాల్లో జనం అనుకునేదే అసలు సమీక్ష అని నా నమ్మకం. ఇంటికెళ్లి ఆలోచించి రాసేసరికి మర్యాద ఎక్కువైపోతుంది. కాబట్టి నేను రాసుకొచ్చిన కాగితాలు కాస్త పక్కన పెట్టి, మీరు అన్నవాటి గురించే మాట్లాడతాను.

ఎక్కువమంది అన్న మాట ఒకటే: “ఫస్టాఫ్ అదిరింది, సెకండాఫ్ ఎటో వెళ్లిపోయింది.” తొంభై అయిదు నిమిషాల సినిమాకి మనం ఇంటర్వెల్ కూడా ఇవ్వలేదు, అయినా అందరూ సరిగ్గా ఒకచోటే గీత గీశారు. లారీ నడిపే అన్నదమ్ముల్లో తమ్ముడు పాల్ చెయ్యి పోయినచోట. 1940లో ఈ సినిమా వచ్చినప్పటి నుంచీ చూసినవాళ్లు అంటున్నదీ ఇదే. లారీ డ్రైవర్ల కథ చెబుతామని కూర్చోబెట్టి, హత్య కేసు చూపించి పంపించారు అని.

ఈ ఫిర్యాదు నిజమే. అతుకు ఎక్కడ పడిందో కూడా చెప్పొచ్చు. మొదటి సగం ఎ. ఐ. బెజెరిడిస్ 1938లో రాసిన ‘లాంగ్ హాల్’ అనే నవల నుంచి వచ్చింది. రెండో సగం ఈ సినిమా తీసిన స్టూడియో వార్నర్ బ్రదర్స్ వాళ్ల సొంత సరుకే. 1935లో వాళ్లే ‘బోర్డర్‌టౌన్’ అని ఒక సినిమా తీశారు, పాల్ ముని, బెట్టీ డేవిస్ నటించారు. అందులో భార్య తాగి పడిపోయిన భర్తని కారుతో సహా గ్యారేజీలో వదిలేసి, ఇంజను పొగతో చంపుతుంది. ఆ ముక్కని తీసుకొచ్చి ఇక్కడ కలిపారు. జెర్రీ వాల్డ్, రిచర్డ్ మెకాలే స్క్రీన్‌ప్లే రాశారు. స్టూడియోలో ఫ్యాక్టరీ పద్ధతి నడిచిన రోజులవి. బీరువాలో పాత కథ ఉంటే కొత్తది ఎందుకు కొనాలి అన్నది లెక్క.

బెజెరిడిస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఫస్టాఫ్ మీకు నచ్చడానికి కారణం ఆయనే. ఒట్టోమన్ తుర్కీలోని సాంసున్‌లో 1908లో పుట్టాడు. తల్లిదండ్రుల్లో ఒకరు గ్రీకు, ఒకరు ఆర్మేనియన్. పసితనంలోనే కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకి వచ్చేశారు. తండ్రి పండ్లు, కూరగాయలు మార్కెట్‌కి చేరవేసే పని చేసేవాడు. మార్కెట్లో దళారీలు తూకంలో, ధరలో ఎలా కొడతారో ఆ పిల్లాడు బండి పక్కన నిలబడి చూశాడు. ఈ నవల రాసే నాటికి లాస్ ఏంజెలెస్ నీళ్లు, కరెంటు శాఖలో ఇంజనీరు ఉద్యోగం. సినిమా హక్కులకి తనకి రెండు వేల డాలర్లు ఇచ్చారనీ, బేరం కుదిరేలోపే తన నవల మీద స్క్రిప్టు రాసిపెట్టుకున్నారని తర్వాత తెలిసిందనీ ఆయన చెప్పుకున్నాడు. దళారీల మోసం గురించి రాసినవాడికే స్టూడియోలో ఎదురైన బేరం అది!

సరే, ఫస్టాఫ్. ఫాబ్రిని అన్నదమ్ములు జో, పాల్. జోగా జార్జ్ రాఫ్ట్, పాల్‌గా హంఫ్రీ బోగార్ట్. సొంత లారీ అంటారు గానీ అది ఫైనాన్స్ వాడి లారీ. కిస్తీ బాకీ, కిరాయి బాకీ, ఇంటి దగ్గర పాల్ భార్య పెర్ల్ ఎదురుచూపులు. ఒక లోడు దించి డబ్బు చేతికి రాకముందే ఇంకో లోడు వెతుక్కోవాలి. సొంతంగా నిమ్మకాయల లోడు కొని అమ్మినప్పుడు నాలుగు డబ్బులు మిగిలితే, మనకి కూడా ఊపిరి ఆడినట్టుంటుంది. హోటల్లో కాసీగా చేసిన ఆన్ షెరిడన్ డైలాగులకి ఇందాక హాలంతా నవ్వారు. గమనించారో లేదో, ఆ సరసం కూడా కిస్తీల భాషలోనే నడుస్తుంది. ఆమె ఒంటిని బండి ఛాసిస్‌తో పోల్చి, దానికి నేను ఫైనాన్స్ చేస్తానంటాడు ఒకడు. హెడ్‌లైట్లకి కూడా నీ దగ్గర డబ్బుల్లేవంటుంది ఆమె. అప్పుల్లో ఉన్నవాళ్లు ప్రేమ మాటలు మాట్లాడినా అప్పుల భాషే వస్తుంది. ఆ సీనులో బూతు ఉందనుకుంటే ఉంది. నాకు మాత్రం అక్కడ బ్యాంకు కనిపించింది.

వెనక వరసలో కూర్చున్న ఒకాయన, లారీ సర్వీసులో చాలాకాలం పనిచేశారట, ఒక ప్రశ్న అడిగారు: “క్లీనర్ ఏడండీ?” మంచి ప్రశ్న. మన దగ్గర దూరం వెళ్లే లారీ అంటే డ్రైవరు, క్లీనరు. ఇక్కడ అన్నదమ్ములే వంతులు వేసుకుని నడుపుకుంటారు. ఒకడు స్టీరింగ్ పట్టుకుంటే రెండోవాడు పక్క సీట్లోనే కునుకు తీస్తాడు. జీతం ఇచ్చి మూడోవాణ్ణి పెట్టుకునే లెక్క కుదరదు.

ఎందుకు కుదరదు అన్నది సినిమా చెప్పదు, నేను చెబుతాను. 1935లో అమెరికా మోటార్ క్యారియర్ చట్టం తెచ్చి, రాష్ట్రాల మధ్య తిరిగే లారీలని ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ కిందకి తెచ్చింది. లైసెన్సులు, కిరాయి రేట్లు కమిషన్ చేతికి వెళ్లాయి. ఎన్ని గంటలు నడపాలన్నదానికీ నిబంధనలు వచ్చాయి. కానీ తోట నుంచి నేరుగా వచ్చే పంటని మోసే బండ్లకి ఆ లైసెన్సు, రేట్ల నియంత్రణ నుంచి మినహాయింపు ఇచ్చారు. రైతుకి మేలు చేద్దామని పెట్టిన మినహాయింపే. దాంతో ఏమైందంటే, కిస్తీ మీద బండి తెచ్చుకున్న ప్రతివాడూ పండ్ల లోడుకే ఎగబడ్డాడు. ఎగబడేకొద్దీ కిరాయి పడిపోయింది. కిరాయి పడిపోయేకొద్దీ ఇంకో ట్రిప్పు వెయ్యాలి. ఆ ఇంకో ట్రిప్పుకి గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచే కదా.

మనవాళ్ల సంగతీ చూడండి. 1961లో మనకి మోటార్ రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని రాశారు. అయితే అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకే లారీ, తనే ఓనరు, తనే డ్రైవరు అయిన మనిషికి ఆ గంటల లెక్క ఉండేది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో బండి కట్టించుకుని చేపల లోడుతో బెంగాల్ వైపు వెళ్లే మనిషి కథకీ, ఫ్రెస్నో నుంచి పండ్లు మోసే ఫాబ్రిని కథకీ ఇక్కడ చుట్టరికం ఉంది. అంతకు మించి పోల్చను. వాళ్ల రోడ్డు వేరు, మన రోడ్డు వేరు.

ఇప్పుడు సెకండాఫ్ మీద మీ కోపానికి వస్తాను. కథ అతికించారని ఒప్పుకున్నాను. కానీ ఆ రెండు ముక్కలకీ సంబంధమే లేదంటే మాత్రం ఒప్పుకోను. ఈ సినిమాలో ఎవరెవరు ఎలా దెబ్బతిన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తెలిసిన డ్రైవరు ఒకడు స్టీరింగ్ దగ్గర నిద్రపోయి, ఫాబ్రినీల కళ్ల ముందే చచ్చిపోతాడు. తర్వాత పాల్ అలాగే తూగుతాడు, లారీ బోల్తా పడి కుడిచెయ్యి పోతుంది. ఆ తర్వాత జోకి ఉద్యోగం ఇచ్చిన లారీ కంపెనీ ఓనరు ఎడ్ కార్ల్‌సెన్, ఎలన్ హేల్ చేశాడే, ఆ భళ్లున నవ్వే పెద్దమనిషి. పార్టీలో తాగి కార్లో నిద్రపోతాడు. భార్య లానా కారు గ్యారేజీలోకి తెచ్చి, ఇంజను ఆపకుండా దిగి నడుచుకుంటూ వచ్చేస్తుంది. వెనక తలుపు దానంతటదే మూసుకుంటుంది.

మూడుసార్లూ ఒకటే: ఇంజను నడుస్తోంది, మనిషి నిద్రపోయాడు. పేదవాడి విషయంలో దాన్ని ప్రమాదం అన్నాం. డబ్బున్న ఇంట్లో హత్య అన్నాం. పోలీసులైతే మొదట దాన్నీ ప్రమాదమనే రాసుకున్నారు. స్క్రీన్‌ప్లే రాసినవాళ్లు దీన్ని కావాలని పేర్చారో లేదో గానీ, తెర మీద మాత్రం ఉంది. పాత స్క్రిప్టు తెచ్చి అతికించేటప్పుడు ఎవరి చెయ్యో తగిన చోటే పడింది.

దర్శకుడు రావుల్ వాల్ష్ గురించి ఒక పిట్టకథ చెప్పి ముందుకెళతాను. 1928లో ‘ఇన్ ఓల్డ్ ఎరిజోనా’ సినిమా పనిలో ఉండగా, ఆయన ప్రయాణిస్తున్న బండి అద్దం పగలగొట్టుకుని ఒక అడవి కుందేలు లోపలికి వచ్చి పడింది. ఆయన కుడికన్ను పోయింది. అప్పటి నుంచి కంటికి నల్ల గంత కట్టుకునే సినిమాలు తీశాడు. రోడ్డు మీద బండి అద్దం ముందు ఏముంటుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. లారీ సీన్లలో వెనక తెర మీద రోడ్డు వేసి తీసినవి చాలా ఉన్నాయి, అది తెలిసిపోతూనే ఉందని కొందరు నవ్వారు కూడా. నిజమే, తెలుస్తుంది. కానీ డ్రైవరు కళ్లు మూతలు పడుతున్నప్పుడు కెమెరా మొహం మీదే ఉంటుంది, ఆ క్షణంలో ఎవరూ వెనక రోడ్డు చూడరు.

తర్వాతి ఫిర్యాదు: “బోగార్ట్‌ని తీసుకుని ఏం చేశారు?” పోస్టర్ చూసి బోగార్ట్ సినిమా అని వచ్చినవాళ్లకి ఈ బాధ తప్పదు. అప్పట్లో టైటిల్స్‌లో ఆయన పేరు నాలుగోది. రాఫ్ట్, షెరిడన్, లుపినో, తర్వాత బోగార్ట్. వయసు నలభై. మరుసటి ఏడాది ‘హై సియెర్రా’, ‘ది మాల్టీస్ ఫాల్కన్’ వచ్చి ఆయన దశ తిరిగింది. ఆ రెండూ రాఫ్ట్ వద్దన్న సినిమాలే! కాబట్టి ఇందులో ఒకే లారీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దర్నీ ఇవాళ చూస్తుంటే, మనకి తెలిసింది వాళ్లకి తెలియదు కదా అనిపిస్తుంది. అది సినిమా గొప్పదనం కాదు, కాలం చేసిన పని. నా మటుకు నాకు బోగార్ట్ ఇందులో వృథా కాలేదు. చెయ్యి పోయాక తమ్ముడు అన్న మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడు ఆ మొహంలో కనపడే విసుగు చూడండి. పెద్ద హీరో అయ్యాక ఆయన అంత చిన్నబోయి కనిపించే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

రాఫ్ట్ మీద మీరన్నదానితో మాత్రం ఏకీభవిస్తాను. కర్రలా ఉన్నాడు. దానికంటే పెద్ద లోపం పాత్రలోనే ఉంది. లానా ఎన్నిసార్లు దగ్గరికొచ్చినా జో ఒక్క క్షణం కూడా ఊగడు. ఉద్యోగం ఇచ్చిన మనిషి భార్య, వద్దు అంటాడు, అంతే. మంచివాడే, కాదనను. కానీ ఆ మంచితనంతో సెకండాఫ్‌లో ఉత్కంఠ సగం పోయింది. అతను ఊగి ఉంటే ఎడ్ హత్య కేసులో కోర్టులో బోనెక్కినప్పుడు మనకి గుండె దడ పుట్టేది. ఇక్కడ మనకి ముందే తెలుసు, అతను నిర్దోషి. దాంతో బరువంతా లానా మీద పడింది.

ఆ బరువు మోసిన అమ్మాయికి అప్పటికి ఇరవై రెండేళ్లు. లానాగా చేసిన ఐడా లుపినో, లండన్‌లో నాటకాల కుటుంబంలో పుట్టింది. కోర్టు సీను గురించి మీలో రెండు పార్టీలు కనిపించాయి. “ఓవర్ యాక్షన్” అని ఒక పార్టీ, “ఆ సీను కోసమే సినిమా చూడాలి” అని ఇంకోటి. తలుపులే నాచేత చేయించాయి అంటూ నవ్వుతూ అరిచే ఆ ఘట్టం అప్పుడు అమెరికాలో కూడా అందరూ చెప్పుకున్నదే. ఇదే పాత్రని ‘బోర్డర్‌టౌన్’లో బెట్టీ డేవిస్ బాగా అణచుకుని చేసింది, మాట తడబడుతూ, చూపు తప్పుతూ. నటన పాఠంగా చూస్తే డేవిస్‌ది మేలు. కానీ ఈ సినిమాకి లుపినోదే సరైనదని నేనంటాను. లానాకి మొదటినుంచీ చేయడానికి పనేదీ లేదు. నగలు, పార్టీలు, యార్డు దగ్గర కారాపి ఓరగా చూడటం. ఎడ్ మంచివాడు, కానీ అతని జోకులు వినడమే ఆమె ఉద్యోగం. అలాంటి మనిషి పగిలిపోయేటప్పుడు పద్ధతిగా పగలదు. పైగా ఫోటో సెల్‌తో, అంటే కాంతికి ఏదైనా అడ్డొస్తే పసిగట్టే పరికరంతో, దానంతటదే తెరుచుకుని మూసుకునే తలుపు 1940లో డబ్బున్నవాళ్ల ఇంటి కొత్త ముచ్చట. చంపడానికి ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు. నడిచి బయటికి రావడమొక్కటే చేసింది. అందుకే తప్పు తలుపు మీదకి నెట్టగలిగింది.

లుపినో తర్వాత డైరెక్టరు అయింది. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో సినిమాలు డైరెక్ట్ చేస్తున్న ఆడవాళ్లు దాదాపు లేరు. 1953లో ‘ది హిచ్-హైకర్’ తీసింది. అందులో కూడా రోడ్డే, బండే. ఈసారి ఆమె కెమెరా వెనక.

చివర్లో పెళ్లి, కంపెనీ జో చేతికి రావడం, డ్రైవర్లంతా సంతోషించడం. ఇది చాలామందికి రుచించలేదు, నాకూ రుచించలేదు. తప్పు చేసినవాళ్లు శిక్ష అనుభవించాలన్నది అప్పటి ప్రొడక్షన్ కోడ్, అంటే హాలీవుడ్ స్టూడియోలు తమకి తామే పెట్టుకున్న సెన్సారు నిబంధనల నియమం, లానాకి పిచ్చెక్కడంతో అది తీరింది. కానీ ఫస్టాఫ్‌లో ఎత్తిన బాకీ తీరలేదు. జో ఓనరయ్యాడు, సరే. మరి అతని దగ్గర పనిచేసే డ్రైవర్లు రాత్రి ఎన్ని గంటలు నడుపుతున్నారు? నిద్ర సంగతి ఎవరూ అడగరు. ఎడ్ కూడా ఒకప్పుడు లారీ నడిపి ఓనరైనవాడే.

ఆ బాకీ కొంత తీర్చే సినిమా ఒకటుంది, వచ్చే ప్రదర్శనకి అదే అనుకుంటున్నాం. ‘థీవ్స్ హైవే’, 1949, ట్వంటియత్ సెంచరీ ఫాక్స్, జూల్స్ డాసిన్ దర్శకత్వం. మళ్లీ బెజెరిడిస్ నవలే, ఈసారి స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. ఫ్రెస్నో ఆపిల్ లోడు, శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్, లీ జె. కాబ్ చేసిన దళారీ. లారీ పల్లంలోకి దొర్లాక ఆపిల్ పండ్లు కొండవాలు నిండా దొర్లుకుంటూ పోయే సీనొకటి ఉంది, దాని గురించి ముందే చెప్పి చెడగొట్టను. ముగింపులో మాత్రం పోలీసులు వచ్చి నీతి చెబుతారు. అది స్టూడియో పెద్ద జానక్ పెట్టించిందే. చూసి వచ్చాక టీ దగ్గర దాన్ని కూడా కడిగేయండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, క్లీనర్ గురించి అడిగినాయన ముందు.