కొలిచాకే పార్టు మార్చాలి: ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ శిక్షణ ఎలా ఉంటుంది

[దృశ్యం: తిరుపతిలో ఒక రిపేరు దుకాణం. బల్ల మీద వెనుక మూత విప్పిన 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. ఎర్రలైటు ఆగి ఆగి వెలుగుతోంది.]

ఈ టీవీని తెచ్చినవారు "ప్లగ్గు పెడితే ఎర్రలైటు కొట్టుకుంటోంది, బొమ్మ రావడం లేదు" అని చెప్పి వెళ్లారు. లోపల పవర్ బోర్డు చెడిందా, మెయిన్ బోర్డు చెడిందా, తెర వెనుక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ షార్ట్ అయిందా అన్నది ఆ ఒక్క మాటను పట్టుకుని తేల్చవలసినవాడే టెక్నీషియన్. పదో తరగతి తరువాత ఈ వృత్తిలోకి రావాలనుకునే తిరుపతి, చిత్తూరు జిల్లాల పిల్లల కోసం, వారి తల్లిదండ్రుల కోసం, ఈ టీవీ బాగయ్యేలోగా ఆ శిక్షణ ఎలా ఉంటుందో చూద్దాం.

[దృశ్యం: టీవీకి వెళ్లే వైరు మధ్యలో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉన్న సిరీస్ బోర్డు.]

మొదట టీవీని నేరుగా కరెంటుకు కలపకుండా సిరీస్ బల్బు ద్వారా కలిపారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది. లేకపోతే ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. ఇక్కడ మందగించింది కాబట్టి ఫ్యూజు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్లు, కరెంటును వేగంగా ఆపి వదిలే స్విచింగ్ మాస్‌ఫెట్ చాలావరకు బాగానే ఉన్నట్లు. ఇరవై రూపాయల బల్బు చెప్పిన ఈ సంగతి తెలియక, ఫ్యూజు మార్చి, అదీ కాలిపోతే ఇంకొకటి మార్చి, చివరికి ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేవారు కూడా ఉన్నారు. వారి చేతిలో పడిన బోర్డు ఇక బాగుకాదు.

[దృశ్యం: పవర్ బోర్డు దగ్గరగా. విద్యుత్తును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ మీద మల్టీమీటర్ ప్రోబులు (కొలిచే కొనలు).]

మన ఇళ్లకు వచ్చే 230 ఓల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు ఈ పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 ఓల్టులు నిలుస్తాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఉండిపోవచ్చు. నేను నేర్చుకునే రోజుల్లో స్క్రూడ్రైవర్‌తో దాని కాళ్లు రెండూ కలిపి డిశ్చార్జి చేయబోయాను; పెద్ద శబ్దంతో స్క్రూడ్రైవర్ కొన కరిగింది, ఆ రోజంతా చెయ్యి వణుకుతూనే ఉంది. తగిన రెసిస్టర్ ద్వారా గానీ బల్బు ద్వారా గానీ డిశ్చార్జి చేసి, సున్నాకు వచ్చిందని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇంకొక సంగతి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటువైపు, అంటే మెయిన్స్ వైపు గ్రౌండు (ఓల్టేజి కొలవడానికి సున్నాగా తీసుకునే చోటు), అటువైపు, అంటే తక్కువ ఓల్టేజి వచ్చే వైపు గ్రౌండు ఒకటి కావు. మెయిన్స్ వైపు ఓల్టేజి కొలిచేటప్పుడు నల్ల ప్రోబు ఆ పెద్ద కెపాసిటర్ మైనస్ కాలి మీదే ఉండాలి.

ఇప్పుడు అటువైపు కొలిస్తే, 12 ఓల్టులు ఉండవలసిన చోట 7, 9 మధ్య ఊగుతోంది. పక్కనే ఉన్న చిన్న కెపాసిటర్ తల ఉబ్బింది, అది చెడిందనడానికి గుర్తు.

ఈ చదువుకు మన జిల్లాల్లో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు; పదో తరగతి పాసైనవారు చేరవచ్చు, రెండేళ్ల కోర్సు, చేతిపనికే ఎక్కువ సమయం. రెండవది పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ డిప్లొమా. దీనికి ఏపీ పాలీసెట్ రాయాలి. పదో తరగతి లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30 చొప్పున 120 మార్కులకు రెండు గంటల పరీక్ష అది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రభుత్వ పాలిటెక్నిక్, ఆడపిల్లలకు టీటీడీ నడిపే శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. డిప్లొమా తరువాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐటీఐ ముగించినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో కర్మాగారంలో పని నేర్చుకునే అవకాశం ఉంది, దాన్ని వదులుకోకూడదని నా అభిప్రాయం.

ఏ దారి ఎంచుకున్నా, కాలేజీలో చేరే ముందు ఒకసారి ల్యాబుకు వెళ్లి చూడండి. నేను చదివిన చోట ఓల్టేజి ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు ఉండేది గానీ, తనిఖీ అధికారులు వచ్చిన రోజునే బీరువా తాళం తీసేవారు. ఒక్కొక్క విద్యార్థికి విడిగా సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఇస్తున్నారా, చెడిపోయిన బోర్డులు ఇచ్చి లోపం కనిపెట్టమంటున్నారా అని అక్కడి సీనియర్లను అడగండి.

[దృశ్యం: రేణిగుంట వైపు రోడ్డు, ఫ్యాక్టరీ ప్రహరీలు.]

ఉద్యోగాల మాటకొస్తే, రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టరులో డిక్సన్ టీవీలు తయారుచేస్తోంది, ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ డిస్‌ప్లే ప్యానెళ్ల కర్మాగారం ఉంది, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్, డైకిన్ ఉన్నాయి. అయితే లైనులో నిలబడి స్క్రూలు బిగించే పనికీ, టెస్టింగులో ఫెయిలైన బోర్డును బాగుచేసే రీవర్క్ బల్ల దగ్గరి పనికీ చాలా తేడా ఉంది. ఆ బల్ల దగ్గర ముంజేతికి, ఒంటి మీది స్థిర విద్యుత్తును నేలకు పంపే ఈఎస్‌డీ పట్టీ కట్టుకోవాలి. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు సుమారు 3,000 ఓల్టులు దాటితే గానీ చురుక్కుమని మనకు తెలియదు, కొన్ని చిప్పులు మాత్రం వంద ఓల్టులకే చెడిపోతాయి. ఆ పట్టీలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున కరెంటు తీగ తగిలినా మన ఒంటి గుండా పోయే కరెంటును అది ప్రమాదం లేనంతగా తగ్గిస్తుంది.

[దృశ్యం: మళ్లీ దుకాణం. ఐరన్ కొన, సోల్డర్ తీగ చాలా దగ్గరగా.]

ఉబ్బిన కెపాసిటర్‌ను తీస్తున్నారు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉండే 63/37 సోల్డరు 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఫ్యాక్టరీ బోర్డుల మీది సీసం లేని సోల్డరుకు 217 డిగ్రీలు దాటాలి. అది కరగడం లేదని ఐరన్‌ను అదిమిపెట్టి ఉంచితే బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోతుంది. కొద్దిగా ఫ్లక్స్ (సోల్డరు సాఫీగా పారేలా చేసే పదార్థం) పూసి, పాతదానికి కొత్త సీసం సోల్డరు కలిపితే మెత్తబడి త్వరగా వదులుతుంది. కొత్తది పెట్టేటప్పుడు కాలిని, ప్యాడ్‌ను కలిపి వేడిచేసి, సోల్డరు తీగను ఐరన్‌కు కాకుండా ఆ అతుకుకే తాకించాలి; రెండు మూడు సెకన్లు చాలు.

పార్టు ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. పాతదాని మీద 1000 మైక్రోఫారడ్, 16 ఓల్టులు అని ఉంది. దుకాణంలో అదే విలువకు 85 డిగ్రీల వేడి వరకు తట్టుకునేది, 105 డిగ్రీల వరకు తట్టుకునేది రెండూ దొరుకుతాయి, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. మే నెల తిరుపతి ఎండలో, గోడకు ఆనించిన టీవీ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకుంటే 105 డిగ్రీలదే ఎందుకు వేయాలో అర్థమవుతుంది. కెపాసిటర్ మీద చార ఉన్న వైపు మైనస్; తిరగేసి పెడితే పేలుతుంది.

[దృశ్యం: సిరీస్ బల్బు మందగించింది. మీటరు మీద 12.1.]

ఓల్టేజి ఊగడం ఆగింది. అయినా మూత ఇంకా బిగించలేదు. సిరీస్ బల్బు తీసేసి, టీవీని నేరుగా కలిపి, గంటసేపు ఆడించి, 12 ఓల్టులు నిలకడగా ఉన్నాయో లేదో ఇంకొకసారి కొలిచిన తరువాతే ఇంటివారికి ఫోను చేస్తారు.