ప్రభు బల్ల గ్లాసులు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ప్రభువునందు ప్రియులైన సంఘస్థులందరికీ వందనాలు. పాస్టరు గారికి, డీకన్లకు, స్త్రీల సమాజపు అక్కలకు, యవ్వనస్థులకు, పక్క ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు వందనాలు. బయట పొయ్యి దగ్గర ఇంకా గరిటె తిప్పుతున్న తమ్ముళ్లకు కూడా వందనాలు. వాళ్లకు వినిపించేలా మైకు కాస్త పెంచండి బాబూ.

నన్ను సంఘ చరిత్ర చెప్పమన్నారు. చరిత్ర అనగానే ఈ ప్రాంతంలో అందరం గుండ్లకమ్మ నది దగ్గరే మొదలుపెడతాం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఎవరిచ్చారని అడిగితే, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర అంటారు. దొర ఆ రోజు ఎవరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో నిలబడేవారు, వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఆ ఆరుగురి పేర్లు చెప్పగలిగినవారు చెయ్యెత్తండి.

చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇక్కడి నుంచి నా కాగితం పక్కన పెడుతున్నాను, క్షమించండి. గ్లాసుల పెద్దమ్మ గురించి చెప్పకుండా ఈ మెట్లు దిగలేను.

ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్లకు 120 చిన్న గ్లాసులు కావాలి. ద్రాక్షరసం ఆరితే గ్లాసు అడుగున ఊదారంగు గీత పడుతుంది. వేలు అంత లోపలికి పోదు. ముందురోజు శనివారం పెద్దమ్మ చీపురు పుల్లకు పాత చీర పేలిక చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ఒక్కో గ్లాసూ తిప్పి తిప్పి కడిగేది. కడిగాక వెలుతురుకు ఎత్తి చూసేది. గీత కనిపిస్తే మళ్లీ నీళ్లలోకే. నల్లద్రాక్ష కొనడం, ఇంట్లో కాచడం, వడకట్టడం కూడా ఆమే. గ్లాసు పగిలితే మర్నాటికి కొత్తది వచ్చేది. ఆ డబ్బు ఎక్కడిదని సంఘ కార్యదర్శిగా 14 ఏళ్లు లెక్కలు రాసిన నేను ఒక్కసారీ అడగలేదు.

గుడి మరమ్మతులయ్యాక గుమ్మం పక్కన పాలరాతి పలక పెట్టించాం. దాతల పేర్లు 23. అచ్చుతప్పులు లేకుండా చూసింది నేనే. ఆవిష్కరణ మర్నాడు నేను వచ్చేసరికి పెద్దమ్మ ఆ పలక మీది కుంకుడు రసంలాంటి మరకను తుడుస్తోంది. ఆమెకు చదువు రాదు. "అయ్యా, ఎవరెవరి పేర్లున్నాయో చదివి చెప్పు" అంది. చదివాను. ఒక్కో పేరుకూ ఆమె ముఖం వెలిగింది. "వాడా! సండే స్కూల్లో వాడి ముక్కు నేనే తుడిచేదాన్ని" అంది. "ఈ పిల్ల పెళ్లికి పందిట్లో అన్నం వడ్డించాను" అంది. 23 పేర్లూ అయ్యాయి. తన పేరుందా అని అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

బైబిల్లో పౌలు రాయించిన ఉత్తరం, రోమా పత్రిక, 16వ అధ్యాయం వచ్చేసరికి, అన్నీ పేర్లే కదా అని చాలామంది పేజీ తిప్పేస్తారు. దయచేసి తిప్పకండి. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. వీళ్లు ఏ వేదిక ఎక్కారో పౌలు రాయలేదు, ప్రయాసపడ్డారని రాయించాడు. పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా మధ్యలో తన పేరుతో వందనం చెప్పుకున్నాడు. పౌలు దాన్ని కొట్టివేయించలేదు. మనమైతే కొట్టివేసేవాళ్లం. నిజం చెప్పండి, కొట్టివేసేవాళ్లమా కాదా?

పోయినేడు పెద్దమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తర్వాతి మొదటి ఆదివారం బల్ల మీదికి గ్లాసులు వచ్చాయి. నా చేతిలోని గ్లాసు అడుగున ఊదారంగు గీత ఉంది. పళ్లెం అంచున చీమలు. ఆ గీతను చూస్తూ నేను ప్రార్థన చేయలేకపోయాను. అన్నేళ్లు మనం తాగిన శుభ్రమైన గ్లాసు ఎవరి శనివారమో అప్పుడు తెలిసింది.

ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇక్కడికి రమ్మంటే, ఎండగా ఉందయ్యా అంది. పలకకు ఇంకో వరుస చేర్పించే సంగతి కమిటీ చూడాలి, నేను వదిలిపెట్టను. కానీ రాతి మీద పేరు చెక్కినంత మాత్రాన గ్లాసులు శుభ్రం కావు. గంట కొట్టే తాతయ్యకు మోకాళ్లు పట్టేశాయి. చాపలు దులిపే అక్కకు ఆయాసం. వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకునేవాళ్లు కావాలి. యవ్వనస్థులారా, మిమ్మల్నే.

వచ్చే శనివారం సాయంత్రం 4 గంటలకు పెద్దమ్మ వరండాలో నులకమంచం మీద కూర్చుని ఎలా కడగాలో చూపిస్తానంది. గ్లాసులు నేను తీసుకొస్తాను, అల్మారా తాళంచెవి నా దగ్గరే ఉంది. మీరు ఒక చీపురు పుల్ల, ఒక పాత పేలిక తెచ్చుకోండి.