పైలట్‌గా చేరితే చీఫ్ దాకా వెళ్లొచ్చా?

యాంకర్: తర్వాతి కాలర్... హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే అండి, సిద్దిపేట నుంచి. మా పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. మా వారేమో "విమానం ఎన్నేళ్లు నడుపుతావు, ఆ తర్వాత ఏంటి?" అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్.

యాంకర్: టీవీ సౌండ్ కొంచెం తగ్గించండమ్మా. వింగ్ కమాండర్ గారూ, మీరు చెప్పండి.

అతిథి: మీ వారు అడిగింది సరైన ప్రశ్నే. మన హైదరాబాద్ ఆయన గురించే చెప్తాను. ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923లో ఇక్కడే పుట్టారు, నిజాం కాలేజీలో చదివారు. 1942లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరేనాటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. బర్మాలో జపాన్ వాళ్లతో జరిగిన యుద్ధంలో ఎగిరారు. దేశం విడిపోయినప్పుడు తోటి ముస్లిం ఆఫీసర్లు చాలామంది పాకిస్తాన్ వెళ్లిపోతే, ఆయన ఇక్కడే ఉండిపోయారు. 1971 యుద్ధం వచ్చేసరికి ఎక్కడున్నారనుకున్నారు? కాక్‌పిట్‌లో కాదమ్మా, ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్‌లో, ప్లాన్లు చూసే కుర్చీలో.

కాలర్: అంటే ఆఫీసు పనేనా?

అతిథి: ర్యాంకు పెరిగేకొద్దీ ఎగరడం తగ్గుతుంది, ఫైళ్లు పెరుగుతాయి. మీ వారి "ఆ తర్వాత ఏంటి"కి జవాబు ఇదే. 1978లో లతీఫ్ గారు ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యారు, అంటే మొత్తం ఎయిర్‌ఫోర్స్‌కే చీఫ్. ఆర్మీలో జనరల్‌తో సమానం. జాగ్వార్ యుద్ధ విమానాలు మన దేశానికి వచ్చింది ఆయన హయాంలోనే. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఇంకొన్ని రోజుల్లో రిటైర్ అవుతారనగా, మిగ్-25 జెట్ విమానం ఎక్కి ఎగిరారు! ఫైళ్లలో పడినా ఆ పిచ్చి పోదు లెండి. తర్వాత మహారాష్ట్ర గవర్నర్, ఫ్రాన్స్‌లో మన రాయబారి. 2018లో ఇక్కడే హైదరాబాద్‌లో పోయారు.

కాలర్: మా వాళ్లందరూ ముందు బీటెక్ చేయించండి, ఆ తర్వాత చూద్దాం అంటున్నారు సార్.

అతిథి: బీటెక్ తర్వాత ఏఎఫ్‌క్యాట్, అంటే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంట్రన్స్, రాయొచ్చు. కానీ ఆ దారిలో ఫ్లయింగ్ బ్రాంచికి, అంటే పైలట్‌గా, వెళ్తే షార్ట్ సర్వీస్, ఉద్యోగం పద్నాలుగేళ్లే. పెద్ద ర్యాంకు ఆశ ఉంటే ఇంటర్ మీద ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష, రాయించండి, అది పర్మనెంట్ కమిషన్, రిటైర్మెంట్ దాకా ఉద్యోగం. 2022 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. అలాగని చీఫ్ కుర్చీ రాసిపెట్టి ఉండదు. వింగ్ కమాండర్ దాకా సర్వీసును బట్టి ప్రమోషన్ వస్తుంది, అక్కడి నుంచి బోర్డు ఎంపిక చేయాలి. నేను అక్కడే ఆగిపోయాను, దాచుకోవడానికేముంది!

యాంకర్: (నవ్వుతూ) పాప పక్కనే ఉందా అమ్మా? ఒకసారి ఇవ్వండి.

పాప: నమస్తే సార్. ఫైటర్ పైలట్ అవ్వాలని ఉంది సార్.

అతిథి: మంచిది తల్లీ. 2016లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచే ముగ్గురు అమ్మాయిలు మొదటిసారి ఫైటర్లకు వెళ్లారు, తెలుసుగా? నీ ఎత్తెంత?

పాప: ఐదు అడుగుల మూడు... నాలుగు ఉంటుంది సార్.

అతిథి: మూడా, నాలుగా? ఫ్లయింగ్ బ్రాంచికి 162.5 సెంటీమీటర్లు ఉండాలి, అంటే దాదాపు ఐదు నాలుగు. కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో సరిపోవాలి కదా. రేపు పొద్దున చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడు, అమ్మ చేత పెన్సిల్‌తో గీత గీయించి టేపు పెట్టి కొలువు. తక్కువ వచ్చిందని ఏడవకు, నీకింకా ఎదిగే వయసే. కళ్లద్దాలున్నాయా?

పాప: లేవు సార్. కానీ ఫోన్ ఎక్కువ చూస్తానని అమ్మ తిడుతుంది.

అతిథి: ఈ విషయంలో నేను అమ్మ పక్షమే.