చిన్న చేతికి పని చెప్పండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా నాలుగు మూలల నుంచి టీచర్లు, అంగన్‌వాడీ అమ్మలు, తల్లిదండ్రులు వచ్చారు. అందుకని సిద్ధాంతం తగ్గించి, పిల్లల్లో ఆశ, దయ పెంచడానికి సోమవారం బడిలో చెయ్యగలిగేవే మాట్లాడుకుందాం.

నవ్వుతూ తిరిగే పిల్లలందరికీ ఆశ ఉందనుకోకండి. ఏదైనా చెడినప్పుడు ఆ పిల్ల తనకు తాను ఏం కారణం చెప్పుకుంటుందో వినండి, ఆశ ఎంతుందో అక్కడ బయటపడుతుంది. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ ఆ కారణంలో మూడు విషయాలు చూడమంటాడు: ఇది ఎప్పటికీ ఇంతేనా, అన్నిటిలోనూ ఇంతేనా, తప్పంతా నాదేనా. భాగహారం తప్పిన గుంటడు "నాకు లెక్కలు రావు మేస్టారూ" అన్నాడంటే మూడింటికీ అవునన్నట్టే. "శేషం దింపడం మర్చిపోయానండి" అన్నవాడు రేపు మళ్లీ పలక పట్టుకుంటాడు. మొదటివాడికి "నీకు వచ్చేస్తుందిరా" అని ధైర్యం చెబితే నమ్మడు. పక్కన కూర్చుని, ఎక్కడిదాకా సరిగ్గా చేశాడో, ఏ మెట్టులో జారాడో వేలు పెట్టి చూపించాలి. అయిదు నిమిషాల పని.

ఈ కారణాలు పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా మన నోటి నుంచే. బోరు మోటారు కాలిపోతే "మన రాతే ఇంత" అనే ఇంట్లో పిల్ల కూడా మార్కులు తగ్గితే అదే అంటుంది. "వైండింగ్ కాలింది, మెకానిక్ రేపొస్తాడు" అనడం నేర్చుకోవాల్సింది ముందు పెద్దవాళ్లే.

ఇక దయ సంగతి. దీన్ని మనం నీతి పాఠంగా చెబుతాం గానీ, చాలా పసితనంలోనే అది పిల్లల్లో కనిపిస్తుంది. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అనే మనస్తత్వవేత్తలు పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక పరీక్ష పెట్టారు. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడి, అందక చెయ్యి చాపుతుంటే, చాలామంది పిల్లలు వెళ్లి తీసిచ్చారు. ఎవరూ అడగలేదు. రెండేళ్ల తర్వాత వాళ్లే మరో సంగతి చూపించారు: సాయం చేసినందుకు బొమ్మ బహుమానంగా అందుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చెయ్యడం తగ్గించారు. మెచ్చుకోలు మాటతో అలా తగ్గలేదు. కాబట్టి మంచిపనికి చిక్కీ పంచొద్దు, గోడమీద స్టార్లు అంటించొద్దు.

బడిలో ఎలా మొదలుపెట్టాలి? కెనడాలోని వాంకూవర్‌లో తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలతో చేసిన పద్ధతి మనకీ సరిపోతుంది: వారానికి మూడు మంచిపనులు, నాలుగు వారాలు. అక్కడ అలా చేసిన పిల్లలను, వారానికి మూడు చోట్లకు వెళ్లొచ్చిన పిల్లలతో పోల్చారు. సంతోషం రెండు గుంపుల్లోనూ పెరిగింది. కానీ తోటిపిల్లలు "వీడితో కలిసి పనిచేస్తాం" అని ఎంచుకోవడం మంచిపనులు చేసినవాళ్ల విషయంలోనే ఎక్కువ పెరిగింది.

సోమవారం ప్రతి పిల్లా తన మూడు పనులు తానే ఎంచుకోవాలి. మనం పంచితే అది డ్యూటీ అయిపోతుంది. చిన్నవే చాలు: భోజనాల వేళ ఒకటో తరగతివాడి కంచం పట్టుకోవడం, బడికి రాని స్నేహితుడికి ఇంటికెళ్లి హోమ్‌వర్క్ చెప్పడం, నాయనమ్మ సూదిలో దారం ఎక్కించడం, జీడిపప్పు పనికి వెళ్లొచ్చిన అమ్మకి చెంబుడు మంచినీళ్లు ఇవ్వడం. శనివారం పది నిమిషాలు కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: "నువ్వు చేశాక ఆ మనిషి ఏం చేశారు, మొహం ఎలా ఉంది?" పిల్ల కళ్లు తనమీంచి అవతలి మనిషి మీదికి మళ్లేది ఈ ప్రశ్నతోనే. చెప్పనంటే వదిలెయ్యండి.

ఎక్కడ చెడుతుందో చెప్తాను. మొదటిది ఫోన్. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే సాయం అందుకున్న గుంటడు ఊరంతటికీ లేనివాడైపోతాడు. రెండోది, సాయం పేరు చెప్పి ఆడపిల్లల చేత గిన్నెలు తోమించి, మగపిల్లల చేత "అతిథులకు స్వాగతం" చెప్పించడం. ఇది చాలా బడుల్లో జరుగుతుంది, ఎవరికీ తప్పనిపించదు. మూడోవారానికి అందరూ "బోర్డు తుడిచానండి" దగ్గర ఆగిపోవడం కూడా మామూలే. అప్పుడు పని మార్చమనకండి, మనిషిని మార్చమనండి. ఇంతవరకూ మాట్లాడని ఒకరిని ఎంచుకోమంటే చాలు, కదులుతారు.

కష్టకాలంలో ఆశ గురించి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటి ఇంట్లో పిల్లకి "అంతా బాగైపోతుందమ్మా" అని చెబితే అబద్ధం. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకి రావాలంటేనే ఆరేడేళ్లు. నిజం చెప్పండి: చెట్లు పోయాయి, కొత్తవి కాయడానికి ఇన్నేళ్లు పడుతుంది. తర్వాత మిగిలినవేమిటో చెప్పండి: ఇల్లుంది, బడి తెరుస్తారు, అన్నం ఉంది. ఆపైన ఆ పిల్ల చేతికి ఒక పని ఇవ్వండి, తమ్ముడిని ఆడించడమో, నాటిన మొక్కకి చెంబుడు నీళ్లు పొయ్యడమో. ఈ వరస తప్పొద్దు. నిజం చెప్పకుండా పని పురమాయిస్తే పిల్లకి అనుమానం, పని ఇవ్వకుండా నిజం ఒక్కటే చెబితే భయం.

ఇవన్నీ చేసినా ఒక పిల్ల రెండు వారాలకు పైగా తిండి, నిద్ర, ఆట మూడూ మానేసి ముడుచుకుపోతే అది మంచిపనులతో తీరేది కాదు. డాక్టరుకి చూపించండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు రాసుకున్నాక ప్రశ్నలడగండి.