టర్బిడిటీ మీటరు రివ్యూ: ఆ మిల్లీగ్రాముల బటన్‌ను నమ్మవచ్చా?

నమస్కారం. నా చేతిలో ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ టర్బిడిటీ మీటరు, అంటే కంటికి కనపడని కాంతితో నీటి మసకను కొలిచే పరికరం. మూడు నెలలుగా మా ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) ల్యాబులో రోజూ వాడుతున్నాను. ఇందులో ఒక బటన్ నొక్కితే ఎన్‌టీయూ (మసకకు కొలమానం) రీడింగ్ కాస్తా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని మారిపోతుంది. దాన్ని చూసే చాలామంది, ఇక టీఎస్‌ఎస్ పరీక్ష (నీటిలో తేలాడే ఘనపదార్థాన్ని వడకట్టి తూచేది) మానేయవచ్చు అనుకుంటున్నారు. మానకండి.

ఇవిగో రెండు బీకర్లు. రెండింటిలోనూ లీటరుకు సరిగ్గా 100 మిల్లీగ్రాములే కలిపాను. మన దేశంలో నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలాలకు సాధారణ పరిమితి కూడా ఇంతే. ఒకదానిలో మెత్తని బంకమట్టి, రెండోదానిలో ఇసుక. మట్టినీటికి రీడింగ్ ఎంత వచ్చిందో చూశారు కదా. ఇసుకనీటికి అందులో చిన్న భాగమే వచ్చింది. నేను మాట్లాడుతుండగానే ఇసుక అడుగుకు దిగుతోంది, రీడింగ్ ఇంకా పడిపోతోంది. బరువు మాత్రం రెండింటిలోనూ ఒకటే!

ఎందుకంటే మీటరుకు బరువు తెలియదు. కణాలకు తగిలి 90 డిగ్రీల పక్కకు చెదిరిన వెలుగే దానికి తెలుసు. బరువు కావాలంటే గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లో వడకట్టి, 103 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలని మూతపాత్రలో) చల్లార్చి తూచాల్సిందే.

మరి ఎందుకు కొన్నాను? క్లారిఫయర్ కోసం, అంటే బురద అడుగుకు దిగి తేటనీరు పైనుంచి పోయే ట్యాంకు కోసం. బురద పొంగి బయటికి వస్తున్నదని ఇది ఒక్క నిమిషంలో చెబుతుంది. ఓవెన్ ఫలితం వచ్చేసరికి ఆ నీరు గేటు దాటిపోతుంది. మా నీటికి రంగు కూడా ఎక్కువ. తెల్లని దీపంతో పనిచేసే మీటర్లలో ఆ రంగు వెలుగును మింగి రీడింగ్‌ను తగ్గిస్తుంది. ఇందులోని 860 నానోమీటర్ల కాంతికి చాలా రంగులు అడ్డు కావు. బొగ్గుపొడి మాత్రం దీన్నీ మింగేస్తుంది. కార్బన్ ఫిల్టర్ తర్వాత కొలిచేవారు ఇది గుర్తుంచుకోండి.

గాలి ఊది సూక్ష్మజీవులతో నీటిని శుద్ధిచేసే ఏరేషన్ ట్యాంకులో మాత్రం వాడకండి. అక్కడి చిక్కదనం లీటరుకు వేల మిల్లీగ్రాములు. చెదిరిన వెలుగు బయటికి రాలేక, బురద పెరిగేకొద్దీ రీడింగ్ తగ్గే ప్రమాదం ఉంది.

మిల్లీగ్రాములే కావాలంటే కంపెనీ పెట్టిన గుణకాన్ని పక్కన పెట్టండి. మీ నీటి నమూనాలకే కొన్ని వారాలు రెండు పరీక్షలూ చేసి, గ్రాఫు గీసి, ఆ లెక్కను మీటరులో ఎక్కించండి. ముడిసరుకు మారితే మళ్లీ గీయాలి. నేను అలా చేశాకే ఈ బటన్ ముట్టుకున్నాను.

గాజుసీసా మీద వేలిముద్ర, లోపల ఒక గాలిబుడగ చాలు, రీడింగ్ పెరిగిపోతుంది. ప్రతిసారీ తుడవండి, బుడగలు పోయేదాకా ఆగండి. క్యాలిబ్రేషన్‌కు, అంటే మీటరును సరిచూసేందుకు వాడే ఫార్మజీన్ అనే మసకద్రవాన్ని హైడ్రజీన్ సల్ఫేట్‌తో తయారుచేస్తారు, అది విషపదార్థం. గ్లవ్స్ వేసుకోండి, మిగిలినదాన్ని దయచేసి సింకులో పోయకండి.