బందరు రోడ్డు చివరిదాకా

అందరికీ నమస్కారం.

బెజవాడలో ఉంటూ రోజుకి ఎన్నిసార్లు బందరు రోడ్డు ఎక్కుతామో లెక్కే లేదు. కెమెరా భుజాన వేసుకుని ఆ రోడ్డు చివరిదాకా వెళ్లినవాళ్లు మనలో ఎంతమంది? కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా ఓ 70 కిలోమీటర్లు, అంతే. వచ్చే రెండో శనివారం మనం ఫొటోలు తీయడానికి బందరు, అంటే మచిలీపట్నం, వెళ్తున్నాం కాబట్టి, అక్కడి వెలుతురు గురించి నాలుగు మాటలు చెబుతాను.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరాను. డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి చేరేసరికి పదకొండు. ఎండ నడినెత్తికి వచ్చేసింది. రాళ్ల మీద ఒక్క పేరూ చదవలేకపోయాను. ఫొటోల్లో అన్నీ బూడిదరంగు పలకలే. మళ్లీ ఓ డిసెంబరులో ఉదయం ఏడున్నరకి అక్కడ నిలబడితే, అవే రాళ్ల మీద పేర్లు, వంశచిహ్నాలు లేచి కనబడ్డాయి. ఆ అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కినవి. ఎండ ఏటవాలుగా పడితే ఒక్కో అక్షరం పక్కన సన్నటి నీడ పడుతుంది. మనం చదివేది ఆ నీడని. పొద్దెక్కిపోతే ఫ్లాష్‌ని కెమెరా నుంచి విడదీసి, రాయి పక్కన నేలబారుగా పెట్టండి, చాలావరకు తేలుతుంది. అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి మాత్రం రుద్దకండి. చేతులు జోడించి అడుగుతున్నాను. ఉప్పుగాలి తినగా మిగిలిన రాళ్లవి.

ఆ మనుషులు అంతదూరం నుంచి ఎందుకొచ్చారు? ప్రధానంగా మన అద్దకం బట్టల కోసం. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో వర్తకం మొదలుపెట్టారు. 1759లో బందరు కోట ఫ్రెంచివాళ్ల చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకి పోయింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగేసింది. దూరదేశపు వర్తకుడికి పేరున్న రాయి మిగిలింది. ఉప్పెనలో పోయిన మనవాళ్లలో ఎంతమంది పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయి? బందరు వెళ్లిన ప్రతిసారీ నన్ను పట్టి కుదిపే ప్రశ్న ఇదే. అందుకే బతికున్న మనుషుల ముఖాలు తీయండి, ఫొటో వెనక వాళ్ల పేరు రాయండి.

దానికి బందరు దగ్గరే ఉన్న అద్దకాల ఊరు పెడన వెళ్దాం. అప్పటికి ఎండ ముదిరినా, అద్దకం జరిగేది నీడలోనే కాబట్టి ఇబ్బంది లేదు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద టేకు అచ్చు పడుతుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రవం తగలగానే అక్కడ నలుపు పుడుతుంది. ఎరుపు అలా కాదు. పటికతో వేసిన అచ్చు ఆ క్షణాన కంటికి సరిగా ఆనదు, తర్వాత రంగుబానలో ఉడికేటప్పుడు మెల్లగా పైకి తేలుతుంది. ఫిల్మ్ ఫొటోలు కడిగే డార్క్‌రూమ్‌లో ట్రే ముందు నిలబడి, తెల్లకాగితం మీద బొమ్మ తేలడం చూసినవాళ్లకి ఆ బాన దగ్గర నుంచి కదలాలనిపించదు. నాకైతే రోజంతా అక్కడే గడపాలని ఉంటుంది. పని చేస్తున్నవాళ్లని ముందు పలకరించండి, వాళ్లు సరేనన్నాకే కెమెరా తీయండి. ట్యూబులైటు కింద ఆ ఎరుపు ఫొటోలో మారిపోతుంది, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ అక్కడే సరిచూసుకోండి.

వీటన్నిటికంటే ముందు, సూర్యోదయం కాకుండానే మంగినపూడి బీచ్ చేరాలి. తడిసిన నల్లటి నేలలో ఆకాశం అద్దంలోలా కనిపిస్తుంది. అంత నలుపు చూసి కెమెరా వెలుతురు చాలదనుకుని ఎక్కువ తీసుకుంటుంది, ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించండి. ఏసీ కారులోంచి తీసిన లెన్సు మీద మంచు పట్టి నాకొకసారి సూర్యోదయమే పోయింది, దారంతా అద్దాలు దించే వెళ్దాం. ఒడ్డున లెన్సులు మార్చకండి. సాయంత్రం గిలకలదిండి రేవులో పొద్దు మన వెనక, ఊరి వైపు వాలుతుంది. సముద్రం నుంచి వచ్చే పడవల మీద, మనుషుల ముఖాల మీద ఎండ నేరుగా పడుతుంది.

తొక్కుడు లడ్డు కొనుక్కోవడానికి కోనేరు సెంటరులో అరగంట ఆగుదాం.

తెల్లవారుజామున మూడున్నరకి బెంజ్ సర్కిల్ దగ్గర కలుద్దాం. పోయినసారి పెడనలో అచ్చు వేస్తున్న ఓ పెద్దాయన ఫొటో తీశాను. ఆయనకి ఇవ్వాల్సిన ప్రింటు ఇప్పటికే నా సంచిలో ఉంది.