అంత పెద్ద విమానం ఎంత వేగంతో దిగుతుంది?

శ్రోతలకు నమస్కారం. ఎయిర్‌బస్ ఎ380 తెలుసు కదా, రెండంతస్తుల విమానం. దిగేటప్పుడు కూడా దాని బరువు 380 టన్నుల దాకా ఉండొచ్చు. అదే బోయింగ్ 737-800 అయితే దాదాపు 66 టన్నులకు మించి దిగకూడదు. మరి రెండింట్లో ఏది ఎక్కువ వేగంతో దిగుతుంది? పెద్దదే అనుకుంటాం. కానీ రెండూ ఇంచుమించు ఒకే వేగంతో, గంటకు 250, 270 కిలోమీటర్ల మధ్య వస్తాయి, ఒక్కోసారి చిన్నదే కాస్త జోరుగా ఉంటుంది.

కిటుకంతా రెక్కలోనే ఉంది. ఎ380 రెక్క విస్తీర్ణం 845 చదరపు మీటర్లు, 737ది 125. లెక్కేసి చూడండి, ఒక్కో చదరపు మీటరు మీద పడే బరువు పెద్ద విమానానికే తక్కువ! ధ్వని కన్నా వేగంగా ఎగిరిన పాత ప్రయాణికుల విమానం కాంకర్డ్ దీనికి పూర్తిగా ఎదురు: ఎ380లో మూడో వంతు బరువు కూడా లేదు, అయినా దాని రెక్కకు ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్క అంచున బయటికి జరిగి వంగే పలకలు, లేవు కాబట్టి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో దిగేది.

ఫ్లాప్స్ పనితనం చూడాలంటే ఈసారి రెక్క వెనక కిటికీ సీటు తీసుకోండి. దిగే ముందు రెక్క వెనక అంచు మెల్లగా వెనక్కి జరిగి కిందికి వంగుతుంది, ముందు అంచు కూడా సాగుతుంది, అలా రెక్క పెద్దదై, వంపు తిరిగి, తక్కువ వేగంలోనూ బరువు మోయగలుగుతుంది. ఎంత తక్కువ అంటే, రెక్క ఇక మోయలేక చేతులెత్తేసే వేగాన్ని స్టాల్ స్పీడ్ అంటారు, దానికన్నా పావు వంతో, ఇంకాస్తో ఎక్కువ ఉంచుకుంటారు. ఆ రోజు బరువును బట్టి ప్రతి ల్యాండింగ్‌కీ ఈ అంకె మారుతుంది, అందుకే పైలట్లు ప్రతిసారీ కొత్తగా లెక్క చూసుకుంటారు.

పోనీ, కాస్త ఎక్కువ వేగంతో వస్తే సేఫ్ కదా అంటారేమో. కాదు. వేగం 10 శాతం పెరిగితే బ్రేకులు అణచాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది, రన్‌వే మాత్రం అంతే ఉంటుంది.

ఇంకో సంగతి, రెక్కకు కావాల్సింది గాలితో పోల్చిన వేగం. 140 నాట్లతో (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) వస్తున్నప్పుడు 20 నాట్ల ఎదురుగాలి ఉంటే చక్రాలు నేలను తాకేది 120తోనే, అందుకే గాలికి ఎదురుగా దిగుతారు. బొలీవియాలోని ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,000 మీటర్లకు పైన ఉంది, అక్కడి గాలి పలచన, కాబట్టి కాక్‌పిట్‌లో వేగం చూపే మీటరులో అదే అంకె కనిపిస్తున్నా నేల మీద అసలు వేగం దాదాపు 20 శాతం ఎక్కువ. టైర్లకూ వేగ పరిమితి ఉంటుంది, అక్కడ దాన్నీ చూసుకోవాలి.

చక్రాలు ధన్‌మని తగిలితే పైలట్‌ని తిట్టుకోకండి. తడి రన్‌వే మీద మెత్తగా తేలుతూ దిగడం మంచిది కాదు. చక్రాలు గట్టిగా ఆనాలి, వెంటనే రెక్కల మీద స్పాయిలర్ పలకలు లేచి, రెక్క మోస్తున్న బరువంతా చక్రాల మీదికి దించాలి, అప్పుడే బ్రేకులు పడతాయి.